అన్నకు భయం లేదు

ఆ వానాకాలం మా దుకాణంలో చిన్న పెట్టెలకు చెక్క చాల్లేదు. పెద్దవాళ్ళ కోసం తెచ్చిన పలకల్ని అడ్డంగా కోసి చిన్నవి చేశాం. వానకు చెక్క ఉబ్బుతుంది. పొద్దున వదులుగా కూర్చున్న మూత సాయంత్రానికి బిగుసుకుపోతుంది. మళ్ళీ చిత్రిక పట్టాలి. ఊళ్ళో జ్వరం తిరుగుతోంది. "ఈ జ్వరానికి పిల్లలంటే మహా ముద్దు" అనేవాడు ఎదురింటి దర్జీ. ఊరందరి గుడ్డలకూ కుట్లు వేసేవాడు గానీ తన నోటికి వేసుకోలేదు.

మేముండేది దుకాణం పైనే. కింద నేనూ అన్నా శవపెట్టెలూ తలుపులూ చేసేవాళ్ళం. పైన అన్న, వదిన, వాళ్ళ కూతురు. దాన్ని పిచ్చుక అని పిలిచేవాళ్ళం. రంపపు పొట్టులో కూర్చుని పొద్దస్తమానం కిచకిచలాడేది. నాకు పెళ్ళీ లేదు, మాటలూ తక్కువ. నా వంతు మాటలు కూడా అదే మాట్లాడేది.

అన్న మా సంఘానికి పెద్ద. పాత అయ్యగారికి గొంతు పోయాక ఆదివారం మందిరంలో వాక్యం అన్నే చెప్పేవాడు. జ్వరం మొదలయ్యాక ఒకటే మాట చెప్పాడు. ప్రార్థనలో నిలబడండి, వంతెన దాటి ఆసుపత్రికి పోకండి, పోయారంటే ప్రభువును నమ్మనట్టే అన్నాడు. వినని వాళ్ళు వంతెన దాటారు. విన్నవాళ్ళకు పెట్టెలు మేం చేశాం.

అప్పుడు పిచ్చుకకు తగిలింది.

ఒళ్ళు పెనంలా కాలుతోంది. వదిన దాన్ని దుప్పట్లో చుట్టి మెట్లు దిగింది. "మరిదీ, బండి తియ్యి" అంది. చెక్కలు వేసే తోపుడు బండి మాది. అన్న అప్పుడే మోకాళ్ళ మీంచి లేచాడు.

"ఎక్కడికి?"

"వంతెన అవతలికండీ."

"అక్కర్లేదు. ఆత్మ నాతో మాట్లాడింది. పిల్ల బతుకుతుంది."

"బతికితే మంచిదే. బండిలో కూడా బతుకుతుంది కదండీ. తప్పుకోండి."

అన్న వంగి, చక్రం జారకుండా ఇరుసుకు పెట్టే శీల పీకి జేబులో వేసుకున్నాడు. పైకి వెళ్ళి తలుపు వేసుకుని పాట అందుకున్నాడు. పెద్ద గొంతు ఆయనది. వదిన పిల్లను ఎత్తుకుని నడిచి వెళ్ళబోయింది. వీధిలో మోకాలి లోతు నీళ్ళు. తిరిగొచ్చింది. నేను గట్టి కర్ర ముక్క తీసుకుని ఇంకో శీల చెక్కడం మొదలుపెట్టాను. అది ఇరుసులో పట్టేలోపే నా వెనక వదిన కేక వేసింది.

పిచ్చుక పెట్టె నేనే చేశాను. అన్న పాలిష్ పట్టాడు. పనిలో ఆయన చెయ్యి తిరిగినవాడు, అది కాదనను.

సమాధి దగ్గర కూడా వానే. గొడుగుల కింద సంఘమంతా నిలబడ్డారు. అన్న వాక్యం చెప్పాడు. గొంతు వణకలేదు.

"ఆత్మ అబద్ధమాడదు. పిల్ల బతుకుతుందని నాకు చెప్పింది. బతికింది. ఇక్కడ కాదు, పైన. మనకు వినడం రాకపోతే ఆత్మ తప్పా?"

అందరూ స్తోత్రం అన్నారు. వదిన అనలేదు. తల మీద కొంగు కూడా లేకుండా తడుస్తోంది.

"మీతో మాట్లాడింది ఆత్మ కాదండీ" అంది. "దెయ్యం."

కేక పెట్టలేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పింది. అందరికీ వినబడింది. నేను అన్న ముఖం చూశాను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఎంతసేపూ కుదరని కొలత ఒక్కసారిగా కుదిరితే వడ్రంగి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

"అందరూ విన్నారుగా" అన్నాడు.

ఆ ఆదివారం అన్న చెప్పింది నాకింకా గుర్తు. దొంగకు క్షమాపణ ఉంది. తాగుబోతుకు ఉంది. మనిషిని చంపినవాడికి ఉంది. ఆఖరికి ప్రభువునే తిట్టినవాడికీ ఉంది. ఆత్మ చేసిన పనిని పట్టుకుని దెయ్యం పని అన్నవాడికి మాత్రం లేదు. ఈ లోకంలో లేదు, వచ్చే లోకంలో లేదు. "అలాంటి మనిషి కోసం ప్రార్థన చెయ్యడం కూడా దండగ. ఎండిన బావిలో చేద వేసినట్టే" అన్నాడు. పేరు చెప్పలేదు. అందరి తలలూ వదిన వైపు తిరిగాయి.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. వాక్యం అయ్యాక వరసగా కూర్చున్నవాళ్ళు తమ ఎడమ పక్కనున్న మనిషి కోసం పైకే ప్రార్థన చేస్తారు. ఒకరి తర్వాత ఒకరికి అందరికీ అందుతుంది. ఆ రోజు దర్జీ పెళ్ళాం పక్కన వదిన కూర్చుంది. దర్జీ పెళ్ళాం వంతు వచ్చింది. ఆవిడ గొంతు సవరించుకుని, వదినను దాటి, అవతలి మనిషికి ప్రార్థన చేసింది. వదిన తల వంచుకుని ఇంకా తన వంతు కోసమే కాచుకుని ఉంది.

తర్వాతి వారానికి వరస చెడకుండా ఉండాలని అన్న నాచేత వేరే బల్ల చేయించాడు. ఒక్కరు కూర్చునేది. తలుపు పక్కన వేశాడు.

"వీపుకు చెక్క పెట్టనా?" అన్నాను.

"ఎందుకు? వాలి నిద్రపోవడానికా?"

దర్జీ చూసి, "ఒక్క మనిషికి ఒక బల్లా? మహారాణి యోగమే" అన్నాడు. కొందరు నవ్వారు.

ఇంట్లో అన్న ఆవిడతో మాట్లాడటం మానేశాడు. ఏదైనా కావాలంటే నాతో చెప్పేవాడు, ఆవిడ పక్కనే నిలబడి ఉన్నా. "ఒరేయ్, నీళ్ళు తోడమను." "ఒరేయ్, చొక్కా ఉతకమను." ఆ మనిషికి ప్రార్థన పనికిరాదు గానీ ఆ చేతి వంట పనికొచ్చింది. మారు వడ్డించుకుని తినేవాడు.

ఒకరోజు వదిన పెరట్లో గిన్నెలు తోముతూ నన్ను పిలిచింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

"మరిదీ, పిచ్చుక పైనే ఉంది కదా?"

"ఉంది."

"చిన్నపిల్ల. పాపం పుణ్యం తెలీనిది. పైనే ఉంటుంది."

"ఊఁ."

"నేనక్కడికి వెళ్ళను. అంతేగా ఆయన చెప్పేది?"

నాకు మూడో తరగతి వరకే చదువు. అలాంటివాటికి జవాబులు మా బళ్ళో చెప్పలేదు.

"దానికి నేను తప్ప ఎవరు జడేసినా ఏడుస్తుంది" అంది. "అక్కడ ఎవరేస్తారు మరిదీ?"

మసి చేతులతోనే ముఖం కప్పుకుంది. ముఖమంతా నలుపైంది. అప్పటికే తిండి మానేసి కర్రలా అయింది. ఇలాగైతే ఈవిడ పెట్టె కూడా నేనే చెయ్యాలి అనుకున్నాను.

పాత అయ్యగారు మందిరం వెనక ఒక్క గదిలో ఉండేవాడు. గొంతు పోయినవాడితో ఎవరికి పని? నేను వదినను అక్కడికి తీసుకెళ్ళాను. ఆయన మాట వినాలంటే చెవి నోటి దగ్గర పెట్టాలి. వదిన మంచం పక్కన నేల మీద కూర్చుని జరిగింది చెప్పింది. సమాధి దగ్గర తను పలికిన మాట చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. నేను చెప్పాను.

"ఇంతేనా?" అన్నాడు అయ్యగారు.

"ఇంతేనేమిటండీ?" అంది వదిన.

"అమ్మా, క్షమాపణ లేదనే మాట ప్రభువు ఎవరితో అన్నాడో మీ ఆయన చెప్పాడా? ఆయన వల్ల గుడ్డివాడికి చూపు వచ్చింది. మూగవాడు మాట్లాడాడు. చదువుకున్న పెద్దలు కళ్ళారా చూశారు. అది మంచి పనేనని వాళ్ళకు తెలుసు. ఒప్పుకుంటే తమ పెద్దరికం పోతుంది. అందుకని దెయ్యం పని అన్నారు. వాళ్ళతో అన్నాడు. పిల్ల పోయిన తల్లితో అనలేదు."

దగ్గొచ్చి ఆగాడు. నేను నీళ్ళిచ్చాను.

"నోరు జారడం వేరు. తెలిసి గుండెకు గడియ పెట్టుకోవడం వేరు. ఆయన క్షమించనని మొండికేసి కాదమ్మా. లోపల గడియ పెట్టుకున్నవాడు క్షమించమని అడగడు. అడగనివాడికి ఎలా ఇస్తాడు? నీకు భయంగా ఉందా?"

"చచ్చేంత భయంగా ఉందయ్యగారూ."

"అయితే నీకేం కాలేదు. ఆ పాపం చేసినవాడికి భయమే ఉండదు. అదొక్కటే గుర్తు."

వదిన ఏడవలేదు. ఇంటికొచ్చి గంజి కాచుకుని, గిన్నె ఎత్తి తాగేసింది. ఇంకా కావాలంది.

మర్నాడు దర్జీ కొడుకు జ్వరంతో పడిపోయాడని తెలిసింది. దర్జీ తలుపేసుకుని ప్రార్థన చేస్తున్నాడు. వదిన వీధి దాటి వెళ్ళి తలుపు కొట్టింది.

"నువ్వు లోపలికి రాకూడదు" అన్నాడు దర్జీ.

"నేనెలాగూ పోయినదాన్నే కదయ్యా. నన్ను ముట్టుకున్న పాపం, ఆసుపత్రికి తీసుకెళ్ళిన పాపం కూడా నా లెక్కలోనే వెయ్యి. కుర్రాణ్ణి ఇటివ్వు."

దర్జీ అటూ ఇటూ చూశాడు. అతని పెళ్ళాం లోపల్నుంచి వచ్చి పిల్లాణ్ణి వదిన చేతుల్లో పెట్టేసింది. ముఖం మాత్రం తిప్పుకుంది. నేను చెక్కిన శీల ఇరుసులో బాగానే పట్టింది. నేను తోశాను. వదిన గొడుగు పిల్లాడి మీద పట్టి పక్కనే నడిచింది.

ఆ తర్వాత వారాల తరబడి ఆ బండి చెక్కలు మొయ్యలేదు. రోగుల్ని మోసింది. కొందరు ఆసుపత్రిలో కూడా పోయారు. ఎక్కువమంది తిరిగొచ్చారు. తిరిగొచ్చినవాళ్ళకు వదిన గంజి కాచి, గుడ్డలు ఉడకబెట్టి, మంచం పక్కన కూర్చునేది. ఎవరూ వద్దనలేదు. ఎవరూ వీధిలో పలకరించలేదు. ఆదివారం వచ్చి తలుపు పక్క బల్ల మీద నిటారుగా కూర్చునేది.

దర్జీ కొడుకు మందిరానికి నడిచొచ్చిన ఆదివారం అందరూ లేచి నిలబడ్డారు. సన్నగా పుల్లలా ఉన్నాడు గానీ నడుస్తున్నాడు. దర్జీ వాణ్ణి ముందుకు తీసుకెళ్ళి అన్న ముందు నిలబెట్టాడు. పాత అయ్యగారు కూడా ఆ రోజు గోడ పక్కన కుర్చీలో ఉన్నాడు.

అన్న పిల్లాడి నుదుటి మీద చెయ్యి పెట్టాడు. పెట్టి తియ్యలేదు. నేను ముందు వరసలో ఉన్నాను. ఆ చెయ్యి నాకు తెలుసు. చెక్క మీద పెడితే లోపల పగులుందో లేదో చెప్పేస్తుంది. ఆ చేతికి పిల్లాడి నుదురు చల్లగా తగిలింది. అన్న పెదవులు కదిలాయి. "పిచ్చు" అనేదాకా వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు ఏడుస్తాడు, ఇప్పుడు పడిపోతాడు, అంతా తెలిసిపోయింది అనుకున్నాను.

సంఘమంతా చూస్తోంది.

అన్న చెయ్యి తీసి చొక్కాకు తుడుచుకున్నాడు.

"జ్వరం తగ్గించడం దెయ్యానికీ తెలుసు" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఎవరి చేత్తో చేయించిందో చూసుకోండి. అంతా దాని పనే."

స్తోత్రం అని ఒకరన్నారు. ఇంకొకరన్నారు. దర్జీ కూడా అన్నాడు, కొడుకు భుజం పట్టుకుని. పాత అయ్యగారు అరచేతులతో ముఖం కప్పుకున్నాడు.

వదిన బల్ల మీంచి లేచింది. వరసల మధ్యనుంచి నడిచి అన్న దగ్గరకు వెళ్ళింది. ఆవిడ ముఖం తెల్లగా పాలిపోయింది.

"ఏవండీ, ఆ మాట వెనక్కి తీసుకోండి."

"నీ పరువు కోసమా?"

"నాకు పరువేమిటండీ. మీ కోసం. ఇప్పుడే తీసుకోండి. అది మంచి పనేనని మీకు తెలిసింది. నేను చూశాను."

"కూర్చోమనండి ఆవిణ్ణి" అన్నాడు అన్న, ఎవరితోనో.

వానలు వెనకబట్టాక జ్వరం కూడా వెనకబట్టింది. పోతూ పోతూ అన్నను పట్టుకుంది. ఆసుపత్రికి రానన్నాడు. మాట మీద నిలబడ్డాడు. వదినా నేనూ ఎత్తి బండిలో వేద్దామని చూశాం. సంఘంవాళ్ళు మెట్ల మీద కూర్చుని అడ్డుకున్నారు. భక్తుడి ఆఖరి సాక్ష్యం పాడు చెయ్యొద్దన్నారు.

వదిన తడిగుడ్డలు మారుస్తూ మంచం పక్కనే ఉంది. అన్న ఒంట్లో ఓపిక లేక ఆవిణ్ణి ఉండనిచ్చాడు. నేను గుమ్మంలో కూర్చున్నాను. ఆవిడ ఆయన చెవి దగ్గర వంగి మాట్లాడేది.

"ఏవండీ, మీకు భయంగా లేదా?"

"భయమెందుకు? నా పరుగు ముగించాను."

"ఆ పిల్లాడి నుదుటి మీద చెయ్యి పెట్టినప్పుడు మీకేమనిపించింది?"

"నీళ్ళియ్యి."

నీళ్ళిచ్చింది. మళ్ళీ వంగింది.

"పిచ్చుక పేరు మీ నోటిదాకా వచ్చింది. ఎందుకు మింగేశారు? భయపడండి. నా మాట వినండి. ఒక్కసారి భయపడండి, చాలు. మిగతాది ఆయన చూసుకుంటాడు."

"నీకు ఉంది కదే భయం. నువ్వు పడు."

"మీక్కూడా రావాలండీ. రాకపోతే ఎలా? నిప్పు గురించి మీరే కదా ఊరందరికీ చెప్పారు. మీకోసం చెప్పుకోండి. మీరు పోయేది ఎక్కడికో ఆలోచించండి. అక్కడ చీకటిగా ఉంటుందండీ. పిల్ల ఉండదు. ఎవరూ ఉండరు. భయమెయ్యడం లేదూ?"

పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా అదే. గుడ్డ మార్చడం, నీళ్ళు పట్టడం, చెవిలో నరకం పొయ్యడం. చంటిపిల్లకు అన్నం తినిపించేటప్పుడు బూచి కథ చెప్తారే, అంత ప్రేమగా చెప్పేది. వింటే నాకే ఒళ్ళు జలదరించేది. అన్న కళ్ళు మూసుకుని చిన్నగా నవ్వేవాడు.

మెట్ల మీదివాళ్ళు విన్నారు.

"చచ్చేవాణ్ణి ఝడిపిస్తోంది రాక్షసి!"

"పిల్లను మింగింది చాల్లేదా?"

లోపలికొచ్చి లేవదీశారు. ఆవిడ మంచం కోడు పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పారు. దర్జీ ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు దించాడు. మెల్లగానే దించాడు, పడకుండా.

అన్న దగ్గర నన్ను ఉండనిచ్చారు. నోరెత్తని మనిషినని.

మర్నాడు మధ్యాహ్నం ఎండ కాసింది. కిటికీలోంచి మంచం మీద పడింది. అన్న తేటగా ఉన్నాడు.

"ఒరేయ్, నా పెట్టెకు చెక్క తీశావా?"

"తీశాను."

"ముడులు లేనిది చూడు."

"ఊఁ."

కాసేపటికి నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. "అన్నా, ఆ రోజు శీల ఎందుకు పీకావు?"

అన్న నా వైపు చూశాడు. దాచిపెట్టే చూపు కాదు. నిజంగానే వెతుక్కున్నాడు.

"ఏ శీల?"

ఆయన గుమ్మం వైపు తిరిగాడు.

"అదిగోరా పిచ్చుక. గుమ్మంలో నిలబడింది. నన్ను చూసి నవ్వుతోంది" అన్నాడు. ఆయన కూడా నవ్వాడు. అలాగే పోయాడు. ఇంతమందికి పెట్టెలు చేశాను, అంత ప్రశాంతమైన ముఖం చూడలేదు.

ఊరంతా వచ్చారు. ప్రభువునందు నిద్రించాడన్నారు. వదిన దుకాణంలో పలకల మీద కూర్చుని ఉంది. వచ్చినవాళ్ళు ఇన్నాళ్ళకు ఆవిడతో మాట్లాడారు. చావింట్లో కోపాలేమిటని.

"అదృష్టవంతుడమ్మా. ఏ దిగులూ లేకుండా పోయాడు."

"ముఖం చూడు, పసిపిల్లాడిలా ఉంది."

"ఇసుమంత భయం లేదట! నీ మరిదే పక్కనున్నాడు."

ఒక్కొక్కరు ఓదార్చినప్పుడల్లా ఆవిడ చెంపదెబ్బ తిన్నట్టు అదిరిపడేది. అందరూ పైకి వెళ్ళాక నా దగ్గరకు వచ్చింది. నేను మూతకు చిత్రిక పడుతున్నాను.

"మరిదీ, ఆఖర్లో నువ్వు ఉన్నావుగా. కాస్తయినా భయపడ్డాడా? నీ చెయ్యి గట్టిగా పట్టుకోవడం లాంటిదేమైనా..."

నేను చిత్రిక ఆపాను. ఆవిడ నా నోటి వంకే చూస్తోంది.

"లేదు వదినా."

"కళ్ళలోనైనా?"

"లేదు."

"ఏమైనా అన్నాడా?"

"పిచ్చుక గుమ్మంలో నిలబడిందన్నాడు."

వదిన పొట్టులో కాలితో గీతలు గీసింది.

"పిల్ల పక్కన చోటు చూశారట" అంది. "అక్కడొద్దు మరిదీ. పక్కనే పెడితే అది నాన్న వస్తాడని ఎదురుచూస్తూ ఉంటుంది."

నేను వెళ్ళేసరికి అక్కడ గొయ్యి సగం తవ్వేశారు. పూడ్చేయమన్నాను. తవ్వేవాడు బండబూతులు తిట్టాడు. నేనే పార తీసుకుని దూరంగా, గోడ వారన, ఇంకోటి తవ్వాను. సంఘంవాళ్ళు ఎందుకన్నారు. పిల్ల పక్కన నీరూరుతోందన్నాను.

వదిన చాలా ఏళ్ళు బతికింది. నా తోడు లేకుండా సమాధుల దగ్గరకు వెళ్ళేది కాదు, కాళ్ళు పడిపోయాక నా బండిలోనే. ముందు పిల్ల దగ్గర కూర్చుని ఇంట్లో కబుర్లన్నీ చెప్పేది. తర్వాత గోడ వారకు తీసుకెళ్ళమనేది. అక్కడ అన్న సమాధి మీద వంగి, ఎవరికీ వినబడకుండా, బుజ్జగిస్తున్నట్టు, ఇంకా భయపెడుతూనే ఉండేది.